ఆర్థర్ సారు బిగించిన పంపు

చిలకలగూడ రోడ్డు మీద, రైల్వే క్వార్టర్ల గోడకు ఆనుకుని ఉన్న ఆ రేకుల షెడ్డుకు బోర్డు ఉంది గానీ, బోర్డు మీద పేరు లేదు. "మోటార్ రిపేర్" అని రాయించి ఊరుకున్నారు. పక్కనే లేత్ మెషీన్ పెట్టుకున్న బ్రహ్మచారి తన బోర్డు మీద తన పేరూ, తండ్రి పేరూ, అవి చాలక రెండు బిరుదులూ వేయించుకున్నాడు. జమాలుద్దీన్ మాత్రం వేయించుకోలేదు. పేరు చదివితే గుమ్మం దాకా వచ్చిన బండి వచ్చిన దారినే పోతుందని అతని భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు.

సికింద్రాబాద్‌లో పానా పట్టిన ప్రతివాడికీ ఆ పేరు తెలుసు. ఒట్టి జమాలుద్దీన్ అంటే ఎవరికీ తెలియదు, సీజు జమాల్ అనాలి. నూనె అందక ఇంజిన్ లోపలి ఇనుము ఇనుమును పట్టేసుకుని బిగుసుకుపోతే మెకానిక్కులు సీజయిందంటారు. ఒక డాక్టరుగారి కొత్త అంబాసిడర్‌ను అట్లా సీజు చేసి పెట్టాడని ఆ పేరు వచ్చింది. రాణిగంజ్‌లో స్పేర్ పార్టులు కొనబోయినా అదే పేరు, హోటల్లో చాయ్ తాగినా అదే పేరు. చెల్లెలి పెళ్ళి దావత్‌లో బిర్యానీ వడ్డిస్తుంటే కూడా, సీజు జమాల్ ఇటు రా అని ఎవడో పిలిచాడు, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు అదేం పేరని అడిగారు. ఇరవై ఏళ్ళుగా ఆ పేరు అతని ఒంటికి గ్రీజులా అంటుకుని ఉంది. ఏ సబ్బుకూ పోలేదు.

అంటించినవాడు ఆర్థర్.

అప్పట్లో రాణిగంజ్‌లో ఒక పెద్ద వర్క్‌షాపు ఉండేది. ఆర్థర్ అక్కడ ఫోర్‌మన్. బాపట్ల వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మాట మెత్తన, చొక్కా తెల్లన, చర్చిలో పాట పాడితే నలుగురూ తల తిప్పి చూసేవారట. ఆ వర్క్‌షాపులో ఒక కట్టుబాటు ఉండేది. ఏ పనైనా విప్పినవాడే బిగించాలి. ఏ ముక్క ఏ చోటి నుంచి ఏ వైపుగా వచ్చిందో తీసినవాడికే తెలుస్తుంది గనక, ఒకడు విప్పి ట్రేలో పెట్టిన సామాను ఇంకొకడు ముట్టడు. జ్వరం వచ్చి ఇంటికి పోయినా సరే, వాడు తిరిగి వచ్చేదాకా ఆ బండి అట్లాగే ఉండాలి. ఇప్పటికీ షెడ్డుల్లో ఆ కట్టుబాటు నడుస్తూనే ఉంది.

ఒక శుక్రవారం జమాలుద్దీన్ డాక్టరుగారి కారుకు ఆయిల్ పంపు విప్పి, ముక్కలు కడిగి ట్రేలో పెట్టి, జుమ్మా నమాజుకు వెళ్ళాడు. వచ్చేసరికి ట్రే ఖాళీగా ఉంది, కారు బయటికి పోతోంది. డాక్టరుగారు తొందరపడ్డారయ్యా, పని పూర్తి చేయించాం అన్నాడు ఆర్థర్. ఎవరు బిగించారని ఫోర్‌మన్‌ను నిలదీసే వయసు కాదు జమాలుద్దీన్‌ది. మర్నాడు బొల్లారం రోడ్డు మీద ఆ ఇంజిన్ బిగుసుకుపోయింది. విచారణలో ఆర్థర్ నిబ్బరంగా చెప్పాడు: పంపు జమాలే ఎక్కించి నమాజుకు పోయాడు, లోపల నూనె నింపకుండా పొడిగా ఎక్కించాడు, నేను ఇంజిన్ అడుగున నూనె చాంబర్ మూసే బోల్టులు మాత్రం బిగించాను.

నేను ఎక్కించలేదని జమాలుద్దీన్ మొత్తుకున్నాడు. నువ్వు విప్పావా లేదా అని అడిగారు. విప్పాను అన్నాడు. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. విప్పినవాడే బిగించాలి కదా, కట్టుబాటే ఉరితాడు అయింది. కనీసం ఆ పంపు విప్పి లోపల చూడండని కాళ్ళావేళ్ళా పడ్డాడు. చూడకుండానే దాన్ని తుక్కులో వేయించాడు ఆర్థర్. ఆ సాయంత్రానికి జమాలుద్దీన్ ఉద్యోగం పోయింది, వారం తిరిగేసరికి పేరు కూడా మారిపోయింది.

అలాంటి ఆర్థర్ ఇన్నేళ్ళకు, మళ్ళీ ఒక శుక్రవారం, తనంతట తానే వచ్చి చేతికి చిక్కాడు.

పొద్దెక్కే వేళ మీగడ రంగు అంబాసిడర్ ఒకటి రోడ్డు మీద ఆగిపోయింది. ఇద్దరు హమాలీలు దాన్ని తోసుకుంటూ షెడ్డు ముందుకు తెచ్చారు. దాని వెనక ఆర్థర్, ఆయన వెనక టిఫిన్ క్యారియర్ పట్టుకుని భార్య జ్ఞానమణి నడిచి వచ్చారు. జుట్టు తెల్లబడింది, కళ్ళకు దళసరి అద్దాలు వచ్చాయి. కానీ తెల్లచొక్కా చేతులు మడిచి, మడత మీద మడత సరిచేసుకునే ఆ తీరు చూడగానే జమాలుద్దీన్ చేతిలోని పానా జారి కిందపడింది.

ఆర్థర్ మాత్రం అతన్ని గుర్తుపట్టలేదు. పట్టడు. ఫోర్‌మన్‌గా ఉన్నన్నాళ్ళూ పనివాళ్ళ చేతుల వంకే గానీ ముఖాల వంక చూసిన పాపాన పోలేదు ఆయన. పైగా జమాలుద్దీన్‌కు ఇప్పుడు గడ్డం వచ్చింది, అదీ సగం నెరిసింది. "ఏం భాయ్, బండి వేడెక్కితే మీటర్లో ఆయిల్ ముల్లు కింద పడిపోతోంది. పంపు విప్పాలి. మేం చీకటి పడకముందు మెదక్ చేరాలి" అన్నాడు, ఇంకా ఫోర్‌మన్ కుర్చీలోనే కూర్చున్నట్టు. మెదక్‌లో జ్ఞానమణి అక్కగారి మనవరాలికి ఎల్లుండి బాప్తిస్మం. ఆ సంగతి కూడా ఆయనే చెప్పాడు, అడగకుండానే.

జమాలుద్దీన్ తల ఊపి పనిలోకి దిగాడు. నోరు తెరిస్తే ఏం బయటికి వస్తుందోనని తెరవలేదు. కారును గుంత మీదికి తెచ్చి, తాను గుంతలోకి దిగి, పాత నూనె దించి, ఇంజిన్ అడుగున నూనె నిలిచే చాంబర్ విప్పాడు. చాంబర్ ఊడితే లోపల పంపు కనిపిస్తుంది. మూడు నట్లు తీస్తే చేతికి వస్తుంది.

పైన బెంచీ మీద ఆర్థర్‌కు ఊరికే కూర్చోవడం చేతకాదు. పానా ఇట్లా పట్టాలి, నట్టు అట్లా తిప్పాలి అని వల్లిస్తూనే ఉన్నాడు. చాయ్ తాగడానికి పక్క నుంచి వచ్చిన బ్రహ్మచారి, తన దగ్గర లేత్ పని కోసం రాణిగంజ్ నుంచి వచ్చిన ఇద్దరు దుకాణదారులు ఆయనకు శ్రోతలయ్యారు. శ్రోతలు దొరికాక ఆయన తన ముచ్చటైన కథ ఎత్తుకున్నాడు.

"పంపు బిగించేటప్పుడు లోపల నూనె నింపడం మరిచిపోకు భాయ్. నా దగ్గర జమాల్ అని ఒకడుండేవాడు. పొడి పంపు ఎక్కించేసి, నమాజు పేరు చెప్పి చెక్కేశాడు. మర్నాడు డాక్టరుగారి బండి సీజు. వాడికి సీజు జమాల్ అని పేరు పెట్టింది కూడా నేనే" అని గలగలా నవ్వాడు.

రాణిగంజ్ వాళ్ళు నవ్వలేదు. బ్రహ్మచారి చాయ్ గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది. గుంతలో జమాలుద్దీన్ గడ్డం మీద నల్లటి నూనె బొట్టు బొట్టుగా పడుతోంది, తుడుచుకోవాలని కూడా అతనికి తోచలేదు. పేరు అంటించినవాడు ఈయనేనని ఇన్నాళ్ళూ అనుమానమే, ఇప్పుడు సొంత నోటితో, నవ్వుతూ చెప్పాడు.

ఆ నిమిషంలో అతనికి తోచింది ఒకటే. పొడిగా ఎక్కించానన్నావు కదా, ఇప్పుడు నిజంగానే పొడిగా ఎక్కిస్తాను. నర్సాపూర్ అడవిలో నడిరోడ్డు మీద నీ ఇంజిన్ గుండె ఆగాలి, దిక్కు తోచక నువ్వు చెట్టు కింద నిలబడాలి. ఆ బొమ్మ కళ్ళముందు కదులుతుంటే అతనికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

పంపు పట్టుకుని పైకి వచ్చి, దాన్ని ట్రేలో విప్పి కిరోసిన్‌తో కడిగాడు. పంపు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. గుప్పెట్లో పట్టే ఇనుప డిప్ప, అందులో కడ్డీతో పాటు తిరిగే చిన్న రోటర్, దాని చుట్టూ ఒక రింగు, పైన మూత. జమాలుద్దీన్ రోటర్‌కూ రింగుకూ నడుమ సన్నటి గేజు రేకు దూర్చి చూశాడు. మూత చోట స్కేలు ఆనించి చూశాడు. అరుగుదల పెద్దగా లేదు. నూనె పీల్చే జాలీ నిండా నల్లటి మడ్డి పేరుకుంది, పంపుకూ ఇంజిన్‌కూ నడుమ ఉండే ప్యాకింగ్ చినిగి గాలి లాగుతోంది. జబ్బు అంతే. జాలీ కడిగి, అట్ట పరిచి కొత్త ప్యాకింగ్ కోశాడు.

చివరికి రింగు చేతిలోకి తీసుకుని బొటనవేలి గోరుతో దాని అంచులు తడిమాడు. ఒక అంచు సూటిగా ఉంది. రెండో అంచు పిసరంత వాలుగా అరగదీసి ఉంది. ఆ వాలు అంచు డిప్ప అడుగుకు పోవాలి. డిప్ప అడుగు మూల గుండ్రంగా ఉంటుంది గనక అక్కడ ఒదిగి కూర్చుంటుంది. తిరగేసి పెడితే రింగు వెంట్రుకవాసి పైకి లేచి మూతకు పట్టేస్తుంది. కొంత దూరం కష్టపడి తిరుగుతుంది, ఆపైన పంపు ఆగుతుంది, పంపుతో పాటు ఇంజిన్ కూడా. ఈ సంగతి జమాలుద్దీన్‌కు మౌలాలిలో ఒక ముసలి ఉస్తాద్ చెప్పాడు. విన్న రోజే అతనికి అనుమానం పుట్టింది, ఆ శుక్రవారం ఆర్థర్ చేసిన ఘనకార్యం ఇదేనని. అనుమానం ఉంది గానీ రుజువు తుక్కులో కలిసిపోయింది.

అతను గడియారం వంక చూశాడు. జుమ్మా వేళవుతోంది. ఎదురుగా బెంచీ మీద ఆర్థర్ మోకాళ్ళు ఊపుతూ, మాటిమాటికీ టైము చూసుకుంటున్నాడు. ట్రేలో విప్పిన పంపు ఉంది. అన్నీ అవే, ఊరు మారలేదు, వారం మారలేదు, మనుషులు మారలేదు. పొడి పంపు ఆలోచన జమాలుద్దీన్ మనసులోంచి జారిపోయింది. దానికంటే రుచిగల ఆలోచన వచ్చింది.

"సారూ, పంపు మంచిగనే ఉంది. జాలీ మూసుకపోయింది, ప్యాకింగ్ చినిగింది. జుమ్మా టైమైంది, నమాజ్ చేసొచ్చి నేనే బిగిస్తా. జెర కూసోండ్రి" అన్నాడు. ముక్కలన్నీ గుడ్డ మీద పేర్చాడు. రింగును మాత్రం ఏ వైపు పైకో తెలియకుండా అంచు మీద నిలబెట్టాడు. చేతులు కడుక్కుని, వెళ్తూ వెళ్తూ బ్రహ్మచారి చెవిలో చెప్పాడు, "చారీ, నువ్వు గీడనే కూసో. ఎవరేం జేసినా నోరు తెరవకు, కండ్లు తెరువు."

మసీదులో అతని మనసు నిలవలేదు. పక్కవాళ్ళతో పాటు వంగాడు, లేచాడు, నుదురు నేలకు ఆన్చాడు. లోపల మాత్రం ఒకటే కోరిక, ఆర్థర్ చేతులు ఊరుకోకూడదని. నమాజులో కోరుకునే కోరిక కాదది, అతనికీ తెలుసు. అయినా కోరుకున్నాడు. బయటికి వచ్చి చెప్పులు వేసుకుని గబగబా నడిచాడు.

షెడ్డుకు వచ్చేసరికి గుడ్డ మీద ముక్కలు లేవు.

ఆర్థర్ బెంచీ పక్కన నిలబడి పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తెల్లచొక్కాకు భుజాల దాకా మసినూనె. ముఖంలో పెళ్ళికొడుకు కళ. గంటసేపు ఎవడు కూర్చుంటాడు భాయ్, పంపు బిగించి, చాంబర్ మూసి, నూనె కూడా పోసేశాను అన్నాడు. వద్దండీ, ఆయన వచ్చి చేస్తానన్నారుగా అని జ్ఞానమణి ఎంత చెప్పినా వినలేదట, బ్రహ్మచారి తర్వాత చెప్పాడు. "ఏ పనైనా ఈ చెయ్యి పడితేనేగానీ కాదు" అని ఆర్థర్ తన అరచేతిని తానే మురిపెంగా చూసుకున్నాడు. ఆ మాటకు జ్ఞానమణి తలెత్తి మొగుడి వంక, ఆయన చొక్కా వంక చూసింది.

జమాలుద్దీన్ నిలబడిపోయాడు. ఇప్పుడు తాను చేయాల్సిందేమీ లేదు, ఊరికే ఉంటే చాలు. తాళంచెవి ఇచ్చి, సలాం కొట్టి, సాగనంపితే చాలు. రింగు మళ్ళీ తిరగేసే పెట్టి ఉంటే, ఆర్థర్ తన ఇంజిన్‌ను తన చేత్తోనే సీజు చేసుకుంటాడు. ఎంత తియ్యగా ఉంది ఆ మాట. నాలుక మీద పెట్టుకుని చప్పరించాడు.

కానీ రేపు నలుగురూ ఏమంటారు? పంపు విప్పింది ఎవరంటారు. చిలకలగూడ షెడ్డువాడంటారు. వాడెవడంటే సీజు జమాల్ అంటారు. విప్పినవాడే బిగించాలి కదా. పాత పేరుకు ఇంకో కారు తోడవుతుంది. ఆర్థర్ మరో ఇరవై ఏళ్ళు చెప్పుకోవడానికి కొత్త కథ దొరుకుతుంది. ఆ కారులో పాపం ఆడమనిషి కూడా ఉందన్న సంగతి అతనికి తర్వాత గుర్తొచ్చింది. ముందు ఆపింది దయ కాదు, పేరు.

అతను బెంచీ వైపు తిరిగి రాణిగంజ్ దుకాణదారులకు వినబడేటట్టు అడిగాడు. "సారూ, పంపు ఎవరు బిగించిన్రు?"

"నేనే బిగించాను" అన్నాడు ఆర్థర్.

"లోపల నూనె నింపిన్రా?"

"నింపకేం, నేనేమన్నా జమాల్‌నా?"

"చారీ, నువ్వు జూసినవా?"

"సూసిన. సారే బిగించిండు, సారే నూనె నింపిండు. ఇంకో చెయ్యి పడలే" అన్నాడు బ్రహ్మచారి. దుకాణదారులు కూడా అవునని తలలూపారు.

జమాలుద్దీన్ మారుమాట లేకుండా గుంతలోకి దిగి, పోసిన కొత్త నూనె దించి, చాంబర్ మళ్ళీ విప్పాడు. ఇదేం పని, మాకు టైమవుతోంది అని ఆర్థర్ అరుస్తూనే ఉన్నాడు. పంపు చేతికి రాగానే జమాలుద్దీన్ పైకి వచ్చి దాన్ని ఆయన అరచేతిలోనే పెట్టి, కడ్డీ తిప్పమన్నాడు. ఆర్థర్ వేళ్ళతో తిప్పాడు. తిరగలేదు. రెండు చేతులా పట్టి మెలేస్తే గరగరమని కాస్త కదిలింది. కొత్త ప్యాకింగ్ కదా, బిర్రుగానే ఉంటుంది అన్నాడు గానీ గొంతులో మునుపటి జోరు లేదు. ఆ ప్యాకింగ్ ఇంజిన్ అడుగునే అంటుకుని ఉండిపోయింది, చేతిలోని పంపుకు లేదు.

జమాలుద్దీన్ మూత విప్పాడు. నింపిన నూనె బొటబొట కారింది. మూత లోపలి ముఖం మీద మెరుస్తూ ఒక గీత, రింగు రాసుకున్న గీత. దాన్ని అందరికీ చూపించాడు. రింగు పైకి తీసి, ఆర్థర్ వేలు పట్టుకుని వాలు అంచు మీద పెట్టి తడిమించాడు. తర్వాత రింగు తిరగేసి, మూత వేసి, బిగించి, మళ్ళీ తిప్పమన్నాడు. ఈసారి చిటికెనవేలికి కూడా వెన్నలా తిరిగింది.

"ఆ దినం సుత గిట్లనే పెట్టినవ్" అన్నాడు జమాలుద్దీన్. పొద్దుటి నుంచి సారూ, మీరూ అన్న నోరు ఆ మాటతో నువ్వులోకి దిగింది. "నూనె నింపినవా లేదా అన్నది కత కాదు. రింగు ఉల్టా పెట్టినవ్. నేను పొడిగ ఎక్కించలే, అసలు ఎక్కించనే లే. తుక్కుల ఏసేముందు ఆ పంపు ఒక్కసారి ఇప్పి జూసుకున్నా ఈ దినం మల్ల గదే తప్పు జేయకపోతుంటివి."

ఆర్థర్ కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఎదుటి ముఖాన్ని జీవితంలో మొదటిసారి చూశాడు. "జమాల్..." అన్నాడు.

"పూరా పేరు జెప్పు. పెట్టింది నువ్వే కదా."

ఆయన చెప్పలేదు. ఫోర్‌మన్ బుద్ధి ఎక్కడికి పోతుంది, కూడదీసుకుని నిటారుగా నిలబడ్డాడు. ఇవాళ ఏదో కళ్ళు సరిగ్గా కనబడక పొరపాటు జరిగి ఉండొచ్చు, దానికీ ఆ రోజుకూ ముడిపెట్టడం అన్యాయం అన్నాడు. ఆ రోజు నేను పంపు ముట్టుకోలేదు, చాంబర్ బోల్టులు మాత్రం బిగించాను, దేవుడి సాక్షి అన్నాడు. జమాలుద్దీన్‌కు ఒళ్ళు మండింది. ఆ రోజుకు సాక్షి లేడు. రుజువు మళ్ళీ వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. చేతిలో ఉన్న పంపుతో ఆ తల పగలగొట్టాలనిపించింది.

అప్పుడు బెంచీ మీదనుంచి జ్ఞానమణి లేచింది.

"దేవుణ్ణి ఎందుకు పిలుస్తారు, నేను లేనూ" అంది నెమ్మదిగా. "ఆ శుక్రవారం చొక్కా ఉతికింది నేనేనండీ. ఇదిగో, ఇట్లాగే భుజాల దాకా మసి. కిరోసిన్‌తో రుద్దినా పోకపోతే చింపి మసిగుడ్డ చేశాను. డాక్టరుగారి పంపు ఎవరి వల్లా కాలేదు, ఈ చెయ్యి పడితేనేగానీ కాలేదని ఆ రాత్రి అన్నం తింటూ చెప్పారు. మర్నాడు బండి సీజయ్యాక కథ మారింది. చాంబర్ బోల్టులే అన్నారు. నేను నమ్మాను. ఇవాళ అదే మాట, అదే చొక్కా చూశాక ఇంకెట్లా నమ్మమంటారు?"

ఆర్థర్ తెల్లచొక్కా మీది నూనెను చేత్తో తుడవబోయి ఇంకా పులుముకున్నాడు. ముఖం మాడిపోయింది.

జ్ఞానమణి జమాలుద్దీన్ వైపు తిరిగి, ఈ కథ మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు అన్నయ్యగారూ, వింటూ నేనూ నవ్వేదాన్ని అంది. జమాలుద్దీన్ పర్వాలేదు అనలేదు. పర్వా ఉంది. ఇరవై ఏళ్ళు ఉంది.

లోపల మాత్రం అతనికి పండగగా ఉంది. ఎదుటివాడి ముఖం అట్లా నల్లబడుతుంటే జాలి పడాలని పెద్దలు చెబుతారు గానీ, అతనికి పిసరంత జాలి కూడా కలగలేదు. ఇంకాసేపు చూడాలనిపించింది. చూస్తూనే పంపులో అంచుల దాకా నూనె నింపి, గుంతలోకి దిగి, తన చేత్తో బిగించాడు. చాంబర్ మూసి, నూనె పోసి, నూనె ముందుగా పైకెక్కేందుకు, ఇంజిన్ అంటుకోకుండా ప్లగ్గుల వైరు పీకి, ముందు నుంచి హ్యాండిల్‌తో తిప్పాడు. ఆయిల్ ముల్లు మెల్లగా పైకి లేచాక వైరు తగిలించి స్టార్ట్ చేశాడు. ఇంజిన్ నెమ్మదిగా గురగురలాడింది.

"మెదక్ పోతది, వాపస్ వస్తది" అని తాళంచెవి ఆర్థర్ చేతిలో పెట్టాడు. "ఈ బండి ఇప్పింది నేను, బిగించింది నేను. ఈ కత ఎవరికన్న చెప్పాల్నంటే గిట్లనే చెప్పు."

ఆర్థర్ తల వంచుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. పొద్దున ముందు సీట్లోంచి దిగిన జ్ఞానమణి, టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది.

ఆ కారు ఇంకా ఊరు దాటి ఉండదు, బ్రహ్మచారి దుకాణదారులకు చాయ్ పోయిస్తూ కొత్త పేరు పెట్టేశాడు. సీజు ఆర్థర్. దుకాణదారులు దాన్ని రాణిగంజ్‌కు మోసుకుపోయారు. ఇట్లాంటి సరుకు రాణిగంజ్‌లో నిలవ ఉండదు. సోమవారం జమాలుద్దీన్ ప్యాకింగ్ అట్ట కొనడానికి పోతే, ఎప్పుడూ పాత పేరుతో పిలిచే ముసలి సేటు కుర్చీ లాగి, కూర్చో ఉస్తాద్, సీజు ఆర్థర్ సంగతి పూరా చెప్పు అన్నాడు. జమాలుద్దీన్ కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఆ పూట ఇంటికి పోయి, భార్య మెహరాజ్ ఆశ్చర్యపోయేటట్టు రెండుసార్లు అన్నం వడ్డించుకున్నాడు.

ఆ వారమే పెయింటర్‌ను పిలిపించాడు. బోర్డు మీద పేరు ఎంత పెద్దగా రాయాలని పెయింటర్ అడిగాడు. ఆర్థర్ ఇల్లు మెట్టుగూడలో ఉంది, ఆదివారం చర్చికి పోవాలంటే ఈ రోడ్డే దగ్గర. "కార్ల పొయ్యేటోడు అద్దాలు తీసినా సుత చదవాలె" అన్నాడు జమాలుద్దీన్. పెయింటర్ మోటార్ రిపేర్ అన్న మాటను అడుక్కి దించి, పైన చోటంతా అతని పేరుకే ఇచ్చాడు.

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు మీగడ రంగు కారు కనబడలేదు. చుట్టు తిరిగి తార్నాక మీద నుంచి పోతున్నాడని బ్రహ్మచారి ఆరా తీసి చెప్పాడు. చివరికి ఒక ఆదివారం పొద్దున కారు ఆ రోడ్డు మీదికే వచ్చింది. జ్ఞానమణి వెనక సీట్లో నుంచి ముందుకు వంగి ఏదో చెబుతోంది. షెడ్డు ముందుకు రాగానే కారు నెమ్మదించింది. ఆవిడ తలెత్తి బోర్డు ఒక్కో అక్షరం చదివింది. ఆర్థర్ మెడ తిప్పకుండా ఎదురుగా చూస్తూ స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. జమాలుద్దీన్ పని ఆపి, చెవి అటు పెట్టి విన్నాడు. ఇంజిన్ చప్పుడు మంచిగా ఉంది, పంపు చక్కగా పనిచేస్తోంది.